పన్నెండు రోజుల లెక్క

మేం ఉండేది న్యూజెర్సీలో, హైలాండ్ పార్క్‌లో. ఆనుకునే ఎడిసన్, అక్కడ నిండా మనవాళ్లే, ఇక్కడ మాత్రం ఆచారాలు గట్టిగా పాటించే యూదు కుటుంబాలు ఎక్కువ. మా పక్కింటావిడకి అరవై దాటాయి, ఆరుగురు పిల్లలు, అందరికీ పెళ్లిళ్లయి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్లింట్లోంచి రొట్టె కాలే వాసన మా వంటింటి కిటికీలోకి వచ్చేస్తుంది. మొదటి ఏడాదంతా ఆ వాసన పీల్చుకుని ఊరుకున్నాను, రెండో ఏడాది ఆవిడే పిలిచింది, వచ్చి చేయి వెయ్యి అని. అప్పట్నుంచి సెలవు దొరికిన శుక్రవారమల్లా వెళ్తున్నాను. ఆ వంటింట్లో నేను విన్నవి, విన్నాక ఇంటికొచ్చి చదువుకున్నవి, వాటి గురించి నాకు అనిపించినవి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మొదటి రోజు ఆవిడ ఐదు పౌన్ల మైదా సంచి మొత్తం గిన్నెలో పోసేసింది. "మీరిద్దరేగా ఇంట్లో, ఇంతెందుకండీ?" అన్నాను. "తక్కువ పిండి కలిపితే నా పని పూర్తవదు" అంది. ఆ పని పేరే హల్లా. మనం బేకరీల్లో చూసే ఆ జడలాంటి రొట్టెకి హల్లా అనే పేరు అసలు దీన్నుంచే వచ్చిందట. కలిపిన పిండిలోంచి ఒక చిన్న ముద్ద విడదీసి దేవుడి పేరున పక్కన పెట్టాలి, బైబిల్లో సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఉంది ఈ ఆజ్ఞ. పూర్వం ఆ ముద్ద యాజకులకి వెళ్లేది. యెరూషలేము దేవాలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో కూల్చేశాక దాన్ని ఇవ్వడానికి లేదు, తినడానికీ లేదు, అందుకని కాల్చేస్తారు. దానికీ కొలత ఉంది. చాలామంది పాటించే లెక్క ప్రకారం పిండి 1.2 కిలోలు దాటితే ముద్ద తీయాలి కానీ దీవెన చదవకూడదు, దాదాపు 1.66 కిలోలు ఉంటే దీవెన చదివి తీయాలి. ఐదు పౌన్లంటే 2.27 కిలోలు, అనుమానానికి తావే లేదు. ఆవిడకి ఆ దీవెన చదవడం కావాలి, అందుకే సంచి సంచీ పోసేస్తుంది, మిగిలిన రొట్టెలు వీధిలో పంచేస్తుంది.

పిండి పొంగాక చేతులు కడుక్కుని, ఆలివ్ కాయంత ముద్ద గిల్లి, దీవెన చదివి, "ఇది హల్లా" అని పైకే అంది. తర్వాత దాన్ని వెండి కాగితంలో మడిచి ఓవెన్ అడుగున పడేసింది. ఆ కాసేపూ మాటలు ఆపేసింది. పెళ్లికాని వాళ్లు, పిల్లల్లేని వాళ్లు, ఒంట్లో బాగోలేని వాళ్లు, తెలిసినవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి ఉంది, పెదాలు కదుపుతూ అవన్నీ చదువుకుంది. మా అమ్మ అన్నం వార్చగానే ముందు కాకికో ముద్ద పెట్టి వచ్చేది, ఆ కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. రెండూ ఒకటే అనడం లేదు, ఆ మౌనం మాత్రం నాకు తెలిసిన మౌనం.

తర్వాత జడలు. పిండిని పాములా పొడుగ్గా చేసి, ఆవిడైతే ఆరు పాయలు అల్లుతుంది, నాకు మూడు పాయలిచ్చింది. ఎలా అల్లాలో చెప్పబోయి, నా చేతులు చూసి ఊరుకుంది. నాలుగో క్లాసు నుంచి జడ వేసుకున్న చేతులు కదా.

యూదు మతంలో ఆజ్ఞలు మొత్తం 613 అంటారు, చేయమని చెప్పినవి 248, చేయొద్దన్నవి 365. చేయొద్దన్నవి ఆడవాళ్లకీ మగవాళ్లకీ దాదాపు ఒకటే. చేయమన్న వాటిలో మాత్రం ఫలానా వేళకే చేయాలి అని గడియతో ముడిపడినవి ఆడవాళ్లకి తప్పనిసరి కాదు అని మిష్నా చెప్తుంది. మిష్నా అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మశాస్త్రం. అందుకే పొద్దున్నే చేతికీ నుదుటికీ కట్టుకునే తెఫిలీన్, పర్ణశాలల పండగకి సుక్కా అనే పందిరిలో భోంచేయడం లాంటివి ఆడవాళ్లు చేయకపోయినా తప్పు లేదు. పిల్లల్ని చూసుకునేవాళ్లకి గడియారం పెట్టి పనులు చెప్పలేం కదా అని కారణం చెప్తారు చాలామంది, కానీ మిష్నా మాత్రం కారణం ఏమీ చెప్పలేదు. మళ్లీ ఇందులోనూ మినహాయింపులున్నాయి. పస్కాకి నాలుగు గిన్నెల ద్రాక్షారసం, హనుక్కా దీపాలు, పూరీమ్‌కి ఎస్తేరు గ్రంథం వినడం, ఇవి ఆడవాళ్లకీ విధి. ఎందుకంటే "ఆ అద్భుతంలో వాళ్లూ ఉన్నారు" అని తాల్ముద్, అంటే మిష్నా మీద తర్వాతి పండితుల చర్చల గ్రంథం, ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఇక ఆడవాళ్లకి ప్రత్యేకం అని చెప్పేవి మూడు. హల్లా, నిద్దా అంటే నెలసరి నియమాలు, దీపం వెలిగించడం. ఈ మూడింటి హీబ్రూ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే హన్నా అని వస్తుంది. సమూయేలు తల్లి హన్నా, బిడ్డ కోసం పెదాలు మాత్రమే కదుపుతూ మందిరంలో ఏడుస్తుంటే తాగి వచ్చిందేమో అని యాజకుడు ఏలీ గదమాయించాడు చూడండి, ఆవిడే. యూదులు ఈరోజుకీ తమ ముఖ్య ప్రార్థన గొంతు పైకి రాకుండా పెదాలతోనే చదువుతారు, ఆ పద్ధతి హన్నా దగ్గరే నేర్చుకున్నామని తాల్ముద్ చెప్తుంది.

ఇదంతా వింటూ మురిసిపోతున్న సమయంలో, అదే మిష్నాలో, షబ్బాత్ అనే విశ్రాంతి దినం గురించిన భాగం రెండో అధ్యాయంలో ఒక వాక్యం కంటపడింది. ఈ మూడింటిలో అజాగ్రత్తగా ఉన్నందుకు ఆడవాళ్లు కాన్పులో చనిపోతారు, అని. చదివి పుస్తకం మూసేశాను. మా పిన్ని కాన్పులోనే పోయింది, నాకు తొమ్మిదేళ్లప్పుడు, గుంటూరు తీసుకెళ్లేలోపే. శవం ఇంట్లో ఉండగానే వచ్చినవాళ్లలో ఒకావిడ "ఏ జన్మలో ఏం పాపం చేసిందో" అంది, ఆ మాటకి మా అమ్మమ్మ గోడకి తల కొట్టుకుంది. అది చూసినదాన్ని నేను. పోయిన మనిషి మీద తప్పు మోపే మాట ఏ దేశంలో ఎవరు రాసినా నాకు మింగుడుపడదు.

పక్కింటావిడతో ఈ మాట దాచకుండా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఆ వాక్యం కింద తాల్ముద్‌లో ఒక ప్రశ్న వేశారని చెప్పింది, మరి మగవాళ్లకి పరీక్ష ఎప్పుడు అని. జవాబు, వంతెన దాటేటప్పుడు. అంటే ప్రమాదం దగ్గరికొచ్చిన వేళే మనిషి లెక్కలు బయటికి తీస్తారు, ఆడదానికి కాన్పు అలాంటి వేళ అని వాళ్ల భావం. "నేను ఆరుసార్లు ఆ వంతెన దాటాను, ప్రతిసారీ ఈ వాక్యం గుర్తొచ్చి భయపడ్డాను" అంది. నా మనసు పూర్తిగా కుదుటపడలేదు, ఇప్పటికీ పడలేదు. కానీ ఆవిడ కూడా భయపడింది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

దీపం సంగతి త్వరగా చెప్పేస్తాను, మనకి సంధ్యా దీపం అలవాటే కాబట్టి సులువుగా అర్థమవుతుంది. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు, యెరూషలేములో అయితే 40 నిమిషాల ముందు. కనీసం రెండు దీపాలు. కొన్ని ఇళ్లలో బిడ్డ పుట్టినప్పుడల్లా ఒకటి కలుపుకుంటూ పోతారు, అలా ఈవిడవి ఎనిమిది. మామూలుగా ఏ ఆజ్ఞకైనా ముందు దీవెన, తర్వాత పని. ఇక్కడ తిరకాసు ఏంటంటే దీవెన చదివితే షబ్బాత్ వచ్చేసినట్టే, వచ్చాక నిప్పు వెలిగించకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్లు రెండు చేతులతో మూసుకుని, దీవెన చదివి, అప్పుడు చేతులు తీసి ఆ వెలుగుని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు. మగవాడు ఒంటరిగా ఉంటే అతనూ వెలిగించాల్సిందే. ఆడవాళ్లకే ముందు హక్కు ఎందుకంటే ఇంట్లో ఉండి ఇంటి పని చూసేది వాళ్లు కాబట్టి అని రాంబాం అనే పండితుడు 12వ శతాబ్దంలో రాశాడు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగుంపావుకే దీపాలు పెట్టేయాలి, ఆ నెలలో శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిడ పడే హడావుడి చూడాలి.

అసలు నేను రాయాలనుకున్నది నిద్దా గురించి. నెలసరి గురించి.

మాది తెనాలి దగ్గర. మా ఇంట్లో ఆ మూడు రోజులూ బయటే. వసారాలో చాప, విడిగా కంచం, గ్లాసు, నీళ్లు పైనుంచి పోస్తే తాగాలి. ఊరగాయ జాడీ వైపు చూడకూడదు. లెక్క మా నాయనమ్మది, క్యాలెండర్ మీద ఆవిడే గీతలు గీసేది. నాలుగో రోజు తలస్నానం అయ్యేదాకా నేను వసారాలో ఉన్నాననే సంగతి పాలబ్బాయికి తెలుసు, ట్యూషన్‌కి వచ్చే పిల్లలకి తెలుసు, వీధి వీధికీ తెలుసు. నొప్పి కన్నా అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. అందుకని లేవీయకాండం 15లో ఆమె కూర్చున్న చోటు అపవిత్రం, పడుకున్న పడక అపవిత్రం అని చదివినప్పుడు, ఓహో ఇదీ అదేగా అనుకున్నాను.

కాదు. చాలా తేడా ఉంది, ఆ తేడా అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. ఆ అధ్యాయంలోని మైల నియమాలు దేవాలయంతో ముడిపడినవి. దేవాలయమే లేనప్పుడు రోజువారీ బతుకులో వాటికి చాలావరకు పని లేకుండా పోయింది. నిద్దా మాత్రం నిలిచింది, ఎందుకంటే లేవీయకాండం 18లో అది ఇంకోచోట కూడా ఉంది, మైల కింద కాదు, దాంపత్యంలో నిషేధాల కింద. అంటే ఈరోజు ఆ నియమం నడిచేది మొగుడూ పెళ్లాల మధ్యే. ఆమె వంట చేస్తుంది, పిండి కలుపుతుంది, దీపం వెలిగిస్తుంది, ప్రార్థన చేస్తుంది, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. అక్కడక్కడా కొన్ని ఊళ్లలో ఆ రోజుల్లో సినగాగ్‌కి, అంటే ప్రార్థనా మందిరానికి, వెళ్లకుండా ఉండే అలవాటు ఉండేది కానీ అది ఆజ్ఞ కాదు. దూరం ఒక్క భర్తతోనే. అదీ చిన్న దూరం కాదు, చేయి తగలకూడదు, మంచాలు వేరు, వస్తువు చేతికి చేయి అందించకూడదు, ఉప్పు కావాలంటే బల్ల మీద పెడితే అతను తీసుకోవాలి.

రక్తం కనిపించిన రోజు నుంచి కనీసం ఐదు రోజులు, అష్కెనజీల (మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదులు) లెక్క ఇది, సెఫార్దీలు (స్పెయిన్ మూలాలవాళ్లు) చాలామంది నాలుగు అంటారు. ఆగిపోయిందని చూసుకున్నాక ఏడు శుభ్రమైన రోజులు. మొత్తం కనీసం పన్నెండు. తోరాలో, అంటే బైబిల్లోని మొదటి ఐదు కాండాల్లో, నెలసరికి ఏడు రోజులే ఉంది, ఈ అదనపు కట్టుబాటు ఇశ్రాయేలు ఆడపిల్లలు తమంతట తామే పెట్టుకున్నారని తాల్ముద్‌లో జెయిరా అనే రబ్బీ, అంటే మతగురువు, చెప్పాడు. పన్నెండో రోజు చీకటి పడ్డాక మిక్వేకి వెళ్లాలి.

మిక్వే అంటే స్నానాల తొట్టి కాదు, ఆచారంగా మునిగే కొలను. ముందు ఇంట్లోనో అక్కడే గదిలోనో శుభ్రంగా స్నానం చేసి, గోళ్లు కత్తిరించుకుని, గోళ్ల రంగు తుడిచి, ఉంగరాలు తీసి, తల చిక్కు తీసుకుని, ఒంటికీ నీటికీ మధ్య ఏ అడ్డమూ లేకుండా చూసుకుని, అప్పుడు దిగాలి. కనీసం 40 సెఆల నీళ్లుండాలి, దాదాపు 750 లీటర్లు అని ఒక లెక్క, కుళాయి నీళ్లు పనికిరావు, వాన నీరో ఊట నీరో కావాలి, లేదా వాన నీటి గుంటతో కలిసి ఉన్న కొలను కావాలి. ఒక్క వెంట్రుక కూడా పైన తేలకుండా మొత్తం మునగాలి. పక్కన ఇంకో స్త్రీ నిలబడి చూసి "కోషెర్" అంటుంది, సరిగ్గా అయిందని. అంతే. ఊళ్లో సినగాగ్ కట్టడానికి ముందే మిక్వే కట్టాలంటారు, జర్మనీలో స్పేయర్ అనే ఊళ్లో 12వ శతాబ్దపు మిక్వే ఒకటి ఇప్పటికీ ఉంది, నేల లోపలికి మెట్లు దిగి వెళ్లాలి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

నన్ను కదిలించింది ఇదేదీ కాదు. చీకటి పడ్డాక ఎందుకు వెళ్తారు అని అడిగితే ఆవిడ చెప్పిన రెండో కారణం. ఎవరూ చూడకూడదని. ఏ రోజు వెళ్తుందో తల్లికి చెప్పదు, పిల్లలకి చెప్పదు, దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే వాళ్లూ చూడనట్టే వెళ్లిపోతారు. "మా అమ్మాయిలు ఆరేడేళ్లుగా పక్కవీధి మిక్వేకే వస్తున్నారు, ఒక్కసారి కూడా నాకు తెలీదు" అంది. వసారాలో చాప మీద కూర్చున్న నా పద్నాలుగేళ్ల వయసు అక్కడే గుర్తొచ్చింది, కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ కంగారుపడి నీళ్లు ఇచ్చింది, ఏమైందో నేను చెప్పాను, చెప్పినంతసేపూ నా చేయి వదల్లేదు.

ఇంకొకటి. లేవీయకాండంలో "ఆమె తన కోసం లెక్కపెట్టుకోవాలి" అని ఒక మాట ఉంది. ఆ "తన కోసం" అనే పదం పట్టుకుని తాల్ముద్ ఒక సూత్రం తీసింది, లెక్క ఆమెదే, ఆమె మాట నమ్మాలి, సాక్షులు అక్కర్లేదు అని. ఆడదాని సాక్ష్యాన్ని చాలా విషయాల్లో ఒప్పుకోని ఆనాటి న్యాయశాస్త్రం, ఒక ఇంటి దాంపత్యం మొత్తాన్ని ఆమె ఒక్క మాట మీద నిలబెట్టింది. గీతలు గీసిన నాయనమ్మ ఇక్కడ లేదు.

అలాగని అంతా బాగుందని చెప్పను. అనుమానం వస్తే, తుడుచుకున్న తెల్ల గుడ్డ మీద మరక రంగు ఏంటో తేలకపోతే, దాన్ని కవర్లో పెట్టి రబ్బీకి పంపాలి, ఆయన వెలుతురులో చూసి చెప్తాడు. పెళ్లైన కొత్తలో ఆ కవరు పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడి వెనక్కి వచ్చేశానని, అడగలేక ఇంకో వారం దూరంగా ఉండిపోయామని ఆవిడ చెప్పింది. అలా అడగలేక ఎన్ని ఇళ్లలో ఎన్ని వారాలు పోయుంటాయో. బిడ్డలు కలగని వాళ్లకి ఇంకో చిక్కు, నెల చక్రం చిన్నదైతే అండం విడుదలయ్యే రోజు ఆ పన్నెండు రోజుల్లోపే దాటిపోతుంది, డాక్టర్‌తోనూ రబ్బీతోనూ రెండు చోట్లా తిరగాలి. యెరూషలేములో నిష్మత్ అనే సంస్థ, హన్నా హెన్కిన్ స్థాపించినది, ఈ చట్టాల్లో ఆడవాళ్లకే లోతుగా చదువు చెప్పి, 1999లో మొదటి జట్టుని బయటికి పంపింది. యోఎత్సెత్ హలఖా అంటారు వాళ్లని, సలహా చెప్పే స్త్రీ అని. ఫోన్ చేసి ఆడమనిషితో మాట్లాడొచ్చు. ఆవిడ పెద్దకోడలు వాళ్లకే ఫోన్ చేస్తుందట. రెండు వేల ఏళ్ల నాటి చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండా ఇంత మార్పు తెచ్చారు, ముందే ఎందుకు చేయలేదని నా బాధ.

మధ్యలో ఒక మాట. గుంటూరు జిల్లాలో మా వైపే ఉన్న చేబ్రోలు నేను వందసార్లు దాటి ఉంటాను. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉందని, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉందని ఈ ఖండానికి వచ్చాక తెలిసింది. ఈసారి ఊరెళ్తే తప్పకుండా వెళ్తాను, వాళ్లింటి ఆడవాళ్లు శుక్రవారం దీపం పెట్టుకుంటూ ఏ మాటలు అంటారో వినాలని ఉంది.

ఇంక జుట్టు గురించి. పెళ్లైన యూదు స్త్రీ తల కప్పుకోవాలి. ఈవిడ ఇంట్లో గుడ్డ కట్టుకుంటుంది, బయటికి వెళ్తే విగ్గు, షైటెల్ అంటారు. 2004 మేలో యెరూషలేములో అప్పటికి తొంభై దాటిన పెద్ద రబ్బీ యోసెఫ్ షాలోం ఎల్యాషివ్, భారతదేశం నుంచి వచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని తీర్పు చెప్పారు. ఆ జుట్టు తిరుమలలో ఇచ్చే తలనీలాలు, అంటే వేరే దేవుడికి అర్పించినది, అలాంటి దాన్ని పెట్టుకోకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు కూడా. బ్రూక్లిన్ వీధుల్లో మంటలు వేసి విగ్గులు కాల్చారు. లండన్ నుంచి ఒక రబ్బీ తిరుపతి దాకా వచ్చి చూసి వెళ్లారు. మన కల్యాణకట్ట గురించి అక్కడ ఇంటింటా మాట్లాడుకున్నారంటే ఎంత వింతగా ఉందో నాకు.

ఈవిడకి అప్పుడు రెండు విగ్గులు ఉండేవట, ఒక్కోటి వేల డాలర్లు, ఒకటి పెద్దమ్మాయి పెళ్లికని కొత్తగా చేయించుకున్నది. పెరట్లో పాత ఇనప డబ్బాలో వేసి ఇద్దరూ కలిసి కాల్చారు. ఆ కమురు వాసన రెండు రోజులు పోలేదని చెప్పింది. వాదన అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందని కూడా చెప్పింది. గుండు చేయించుకునేవాళ్లు జుట్టుని దేవుడికి ఇస్తున్నారా, లేక ఒంటి మీది మలినాన్ని వదిలించుకుంటున్నారా? మొదటిదైతే నిషేధం, రెండోదైతే కాదు.

పిండి జడల మీద గుడ్డు సొన రాస్తూ రాస్తూ నన్నడిగింది. "నువ్వెప్పుడైనా ఇచ్చావా?"

ఇచ్చాను. ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో, నాన్న ఆపరేషన్ గట్టెక్కితే ఇస్తానని మొక్కుకుని. నడుం దాటిన జడ. కల్యాణకట్టలో తడి నేల మీద కూర్చుని తల వంచితే ముందు జడ మొత్తం ఒళ్లో పడింది, చల్లగా, బరువుగా.

"అప్పుడు మనసులో ఏమనుకున్నావు?" అంది. ఇరవై ఏళ్ల కిందటి ప్రశ్నకి జవాబు కోసం అడుగుతోందని నాకు అర్థమైంది. పాపం పోవడానికనో అహంకారం తీసేసుకోవడానికనో చెప్పేవాళ్లు మనలో ఉన్నారు, అలా చెప్తే ఆవిడ కాల్చిన రెండు విగ్గులూ ఊరికే కాల్చినట్టు అవుతుంది, ఇలా చెప్తే నా మొక్కు ఆవిడకి నిషేధం అవుతుంది. కానీ ఆ రోజు నేను అనుకున్నది ఒక్కటే.

"ఆయనకే ఇచ్చాను" అన్నాను.

బ్రష్ పక్కన పెట్టి కాసేపు నా వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు, నా మాట అంతటితో నమ్మింది. రొట్టెలు లోపల పెట్టి, గడియారం చూసుకుని, తలగుడ్డ సర్దుకుంటూ, "మళ్లీ పెరగడానికి ఎన్నాళ్లు పట్టింది?" అంది.

భుజాల దాకా రావడానికి రెండేళ్లు, ఆ పొడవు మాత్రం మళ్లీ రాలేదు అని చెప్పాను.